వెనక వచ్చేవాడికి కనిపించాలి

మొన్న చీకటి పడ్డాక తణుకు నుంచి అత్తిలి వైపు వెళ్తుంటే మా కారు ముందు ధాన్యం బస్తాల ట్రాక్టర్ ఒకటి పోతోంది. దానికి తగిలించిన ట్రక్కు వెనక రెండు మూలలా ఎర్రదీపాలు వెలుగుతున్నాయి. రైసుమిల్లు దగ్గర పడేసరికి డ్రైవరు కుడి ఇండికేటర్ వేశాడు. కుడి పక్కనే వెలిగింది. బ్రేకు తొక్కాడు. రెండు దీపాలూ ఒక్కసారిగా ప్రకాశం పెంచుకున్నాయి. మెల్లగా తిరిగి మిల్లులోకి వెళ్లిపోయాడు. ఆపి చెయ్యి కలపాలనిపించింది. వరికోతల రోజుల్లో మన రోడ్ల మీద రాత్రిపూట తిరిగేవాళ్లకు ఆ దృశ్యం ఎంత అరుదో నేను చెప్పక్కర్లేదు.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నా పట్టింపులు తెలుసు. సైకిలుకు బెల్లు ఉండాలి, ఇంటి మీటరుకు ఎర్త్ ఉండాలి, ట్రక్కుకు వెనక లైటు ఉండాలి. మూడోదాని గురించి రాసినప్పుడల్లా, రైతులకు పట్టదండీ, డ్రైవర్లకు నిర్లక్ష్యమండీ అని ఉత్తరాలు వస్తాయి. ఆ మాట నేను ఒప్పుకోను. చాలా ట్రక్కులకు షెడ్డులోంచి వచ్చిన రోజున లైట్లు ఉంటాయి. తర్వాత ఆ కేబుల్ పడే పాట్లు చూడండి. ట్రక్కు విప్పినప్పుడు ప్లగ్గు బురదలో పడుతుంది. హైడ్రాలిక్ మీద తొట్టి లేపినప్పుడు తీగ చాలక లాగేసుకుంటుంది. వానాకాలమంతా పాకలో ఉంటే ఎలుకలు కొరుకుతాయి. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్ సాకెట్లో మట్టి గట్టిపడి, లోపల ఇత్తడి పిన్నులకు పచ్చటి చిలుం పడుతుంది. ఒక్క దీపం ఆరిపోతుంది. దాన్ని బాగుచేయించేలోగా మిగతావీ ఆరిపోతాయి.

ఇక్కడే నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. మా ఊరి బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ఆటో ఎలక్ట్రికల్ పని చేసేవాడు. ఊరంతా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేది. బడి వదిలాక నేను ఆ షెడ్డులోనే ఉండేవాణ్ణి. ఆయన దగ్గర మీటరు లేదు. ఒక హోల్డరు, అందులో బల్బు, దానికి రెండు తీగలు, అంతే. ఆ టెస్ట్ ల్యాంపుతోనే లారీ వైరింగ్ అంతా చదివేసేవాడు.

ఒకరోజు ఒక ట్రాక్టర్ డ్రైవరు విసిగిపోయి వచ్చాడు. “బ్రేకు తొక్కితే ఇండికేటర్లు వెలుగుతున్నాయి బాబాయ్. ఇండికేటర్ వేస్తే వెనకాల లైట్లన్నీ మిణుకుమిణుకుమంటున్నాయి. బల్బులు మార్చా, హోల్డర్లు మార్చా, ఇంకేం మార్చాలో చెప్పు.” బాబాయ్ ఒక్క బల్బు కూడా ముట్టుకోలేదు. మూరెడు బారెడు కాదు, ట్రక్కు చివరిదాకా అందేంత తీగ తీశాడు. ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి తగిలించాడు. ట్రక్కు ఛాసిస్ మీద పెయింటును ఆకురాయితో గీకి, ఇనుము మెరిసేచోట రెండో కొస అదిమిపెట్టాడు. “ఇప్పుడు తొక్కరా” అన్నాడు. బ్రేకు లైట్లు రెండూ నిండుగా వెలిగాయి. ఇండికేటర్లు వాటి పని అవి చేసుకున్నాయి.

డ్రైవరు వెళ్లాక నాకు చెప్పాడు. “మీ చేనుకి బోదె ఉంది, మురుగుకోడూ ఉంది కదా. బోదె నీళ్లు తెస్తుంది, మురుగుకోడు తీసుకుపోతుంది. మురుగుకోడు పూడిపోతే ఏమవుతుంది? నీళ్లు పక్కవాడి చేలోపడి దారి వెతుక్కుంటాయి. కరెంటూ అంతే. బ్రేకు బల్బులోంచి వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి ఎర్త్ లేకపోతే ఇండికేటర్ బల్బులోంచి దూరి పోతుంది.” ట్రక్కూ ఇనుమే, ట్రాక్టరూ ఇనుమే, హుక్కు ద్వారానే ఎర్త్ అందదా అని అడిగాను. “హుక్కుకి గ్రీజు, పిన్నుకి తుప్పు, మీద పెయింటు. గతుకొచ్చినప్పుడల్లా అతుకుతుంది, వదిలేస్తుంది. ఎర్త్‌కి వేరే తీగ ఉండాల్సిందే. అదీ లావుది” అన్నాడు.

లావుది ఎందుకో తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. బ్రేకు బల్బు ఒక్కొక్కటి 21 వాట్లు, ఇండికేటర్ 21, టెయిల్ లైటు 5. మలుపు దగ్గర బ్రేకు తొక్కి, ఇండికేటర్ వేసి, టెయిల్ లైట్లు వెలుగుతుంటే మొత్తం 73 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది దాదాపు 6 ఆంపియర్లు. వెళ్లేటప్పుడు వేర్వేరు తీగల్లో పంచుకుని వెళ్తుంది. వచ్చేటప్పుడు అంతా ఒక్క ఎర్త్ తీగలోంచే రావాలి.

ఆ టెయిల్, బ్రేకు బల్బును చేతిలోకి తీసుకుని చూశారా ఎప్పుడైనా? ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, సన్నటిది టెయిల్‌కు, లావుది బ్రేకుకు. ఇత్తడి అడుగున రెండు చిన్న చెవులు ఉంటాయి. ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. హోల్డరులో ఒకే విధంగా కూర్చోవాలని అలా చేశారు. అరిగిపోయిన హోల్డరులో బలవంతంగా తిప్పి పెడితే మామూలప్పుడు 21 వాట్లు వెలుగుతూ ఉంటుంది, బ్రేకు తొక్కినప్పుడు 5 వాట్లు వచ్చి కలుస్తాయి. వెనకవాడికి తేడా ఏం తెలుస్తుంది?

ఇప్పటి ట్రాక్టర్లలో చాలావాటికి వెనక ఏడు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది. ఏ పిన్ను దేనికో ఐఎస్ఓ 1724 అనే ప్రమాణం నిర్ణయించింది. ఒకటి ఎడమ ఇండికేటర్, పసుపు తీగ. మూడు ఎర్త్, తెల్ల తీగ. నాలుగు కుడి ఇండికేటర్, ఆకుపచ్చ. అయిదు కుడి టెయిల్, ఆరు బ్రేకు, ఏడు ఎడమ టెయిల్. రెండోది ఫాగ్ లాంటి అదనపు దీపానికి. ఈ వరస ఎందుకు ముఖ్యమంటే, మన ఊళ్లలో ట్రక్కు ఒకరిది, ట్రాక్టర్ ఇంకొకరిది. కోతల్లో ఎవరి ట్రక్కు ఎవరి ట్రాక్టర్‌కి తగులుతుందో చెప్పలేం. ఒక్కో ఎలక్ట్రీషియన్ తనకు తోచిన వరసలో తీగలు బిగిస్తే, ఎడమకు వేసిన ఇండికేటర్ కుడివైపు వెలుగుతుంది. అసలు లైటు లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. వెనకవాడు దాన్ని నమ్మి ఎడమ పక్కనుంచి దూరతాడు.

అమెరికాలో ఇళ్లు మారేటప్పుడు కారు వెనక అద్దె ట్రైలర్ కట్టుకునే మన పిల్లలకు నాలుగు పిన్నుల బల్లపరుపు కనెక్టర్ తెలిసే ఉంటుంది. అక్కడ బ్రేకుకీ ఇండికేటర్‌కీ ఒకే తీగ, ఒకే ఫిలమెంటు. తెలుపు మాత్రం అక్కడా ఎర్తే. కారు వైపు కొసను చూడండి. కరెంటు ఉండే మూడూ రబ్బరు లోపల దాగి ఉంటాయి, ఎర్త్ పిన్ను ఒక్కటే బయటకు ఉంటుంది. వేలాడుతూ కారు బాడీకి తగిలినా షార్ట్ అవ్వదు. ఎవరు ఆలోచించారో గానీ వాళ్లకు నమస్కారం.

ఇక్కడిదాకా వచ్చాక నేనేం రాస్తానో పాత పాఠకులకు తెలిసే ఉంటుంది. వైరింగ్ బాగుచేయించండి, రేడియం స్టిక్కర్లతో సరిపెట్టకండి అని. ఆ వాక్యం రాయబోయి ఆగాను. ఆపింది బాబాయ్ నేర్పిన వైరింగే.

ట్రక్కుకు సొంత బ్యాటరీ లేదు. దాని వెలుగంతా ట్రాక్టర్ నుంచి ప్లగ్గు ద్వారా రావాల్సిందే. చక్రం పంక్చరయితే డ్రైవరు ఏం చేస్తాడు? టైర్ల కింద రాళ్లు పెట్టి, పిన్ను లాగి, ట్రాక్టర్ వేసుకుని స్టెప్నీ కోసం ఊళ్లోకి పోతాడు. బస్తాలతో నిండిన ట్రక్కు చీకట్లో రోడ్డు వార నిలబడి ఉంటుంది. అంత చక్కగా వేయించిన వైరింగ్ ఆ గంటసేపు ఎందుకూ పనికిరాదు. అప్పుడు కాపాడేది స్టిక్కరే. వచ్చేవాడి హెడ్‌లైటు వెలుగునే తిరిగి వాడి కళ్లకు పంపుతుంది. దానికి ఎర్త్ అక్కర్లేదు, ఫ్యూజు అక్కర్లేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు దీపాలూ రిఫ్లెక్టర్లూ రెండూ కావాలంటాయి. రెండూ ఉండాలనే నేనూ అంటాను. కానీ చేతిలో ఉన్న డబ్బుకి ఈ రాత్రికి ఒకటే కుదురుతుందంటే, స్టిక్కరే ముందు. ఎర్ర పెయింటు వేసి అదే రిఫ్లెక్టర్ అనుకోవద్దు, అది చీకట్లో కనిపించదు.

ఈ సార్వా ధాన్యం తోలే రైతులకూ డ్రైవర్లకూ నా మనవి. వెనక రెండు మూలలా ఎర్ర రేడియం అంటించండి, బయల్దేరే ముందు తడిగుడ్డతో తుడవండి, గడ్డిగానీ టార్పాలిన్‌గానీ దాని మీద పడకుండా కట్టండి. ఆ తర్వాత తీరిక చూసుకుని సెంటరుకు వెళ్లి మూడో పిన్నుకు లావుపాటి ఎర్త్ తీగ వేయించండి. ట్రక్కు దారిలో ఆగిపోతే, దాన్ని విప్పి వెళ్లేముందు ఒక మనిషిని టార్చిలైటుతో వెనకాల కాస్త దూరంలో నిలబెట్టండి.