మొదటి పది నిమిషాలు

మా ఇంట్లో సినిమాకు బయలుదేరిన ప్రతిసారీ ఒక గొడవ జరుగుతుంది. నాయన రోజాపూల తోటలో పని ముగించుకుని వచ్చి, స్నానం చేసి, నిదానంగా టీ తాగుతాడు. "ఏమిటికి అంత తొందర? మొదట్లో పేర్లే కదా పడేది, కథ యాడికీ పోదులే" అంటాడు. అవ్వ మాత్రం అప్పటికే చీర మార్చుకుని వాకిట్లో నిలబడి ఉంటుంది. "పేర్లు పడకముందే పోవల్ల. మొదలు చూడకపోతే సినిమా చూసినట్టే కాదు" అంటుంది.

చాలా రోజులు నేను నాయన పక్షమే. పదో తరగతికి వచ్చాక అవ్వ పక్షానికి మారిపోయాను. ఎందుకు మారానో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

'బాహుబలి' మొదటి భాగం 2015లో వచ్చింది. అప్పుడు నేను చాలా చిన్నదాన్ని. కొన్నేళ్ల తర్వాత మా పెద్దమ్మ ఇంట్లో టీవీలో వస్తుంటే చూశాను. మేము వెళ్లేసరికి సినిమా మొదలై కొంతసేపు అయింది. నేను చూసిన మొదటి దృశ్యంలో ఒక కుర్రాడు జలపాతం పక్కన కొండ ఎక్కుతున్నాడు. జారి పడుతున్నాడు, మళ్ళీ ఎక్కుతున్నాడు. వాళ్ల అమ్మ వద్దని ఏడుస్తున్నా వినడు. "వీడికి బలం ఎక్కువై ఎక్కుతున్నాడు, హీరో కదా!" అనుకున్నాను. సినిమా నచ్చింది గానీ ఆ కొండ ఎక్కడం ఎందుకో నాకు పట్టలేదు.

పోయిన వేసవి సెలవుల్లో అదే సినిమాను మొదటి నుంచి చూశాను. వీపులో బాణం దిగిన ఒక స్త్రీ, చేతిలో పసిబిడ్డతో, జలపాతం దగ్గర గుహలోంచి బయటికి వస్తుంది. వెంటాడి వచ్చిన సైనికులను చంపుతుంది. ఏరు దాటబోయి కాలు జారి నీళ్లలో కొట్టుకుపోతుంది. తన ప్రాణం తీసుకుని బిడ్డను బతికించమని శివుణ్ణి అడుగుతుంది. తర్వాత మనకు కనిపించేది నీళ్ల పైన ఒక చెయ్యి, ఆ చేతిలో బిడ్డ. ఊరివాళ్లు బిడ్డను తీసుకోగానే ఆ చెయ్యి ఒక్కసారి కొండ పైకి చూపించి నీళ్లలో కలిసిపోతుంది.

నేను లేచి కూర్చున్నాను. ఆ కుర్రాడు ఎక్కుతున్నది ఆ చెయ్యి చూపించిన కొండనే! ఆ సంగతి అతనికి తెలియదు, చూస్తున్న మనకు తెలుసు. పెంచిన తల్లి సంగ ఎందుకు భయపడి గుహను మూయించిందో, కొడుకు ఎక్కుతుంటే ఎందుకు ఏడుస్తుందో కూడా మనకు తెలుసు. మొదటిసారి నేను చూసింది ఒక బలశాలిని. రెండోసారి చూసింది, ఎక్కడికి పోవాలో తెలియకుండానే అక్కడికి పోతున్న ఒక బిడ్డను. పది నిమిషాలు తప్పిపోతే నాకు సినిమానే మారిపోయింది.

అప్పటి నుంచి ఏ సినిమా చూసినా మొదలు ఎలా పెట్టారో గమనిస్తున్నాను. నాకు అర్థమైనంత వరకు మంచి మొదలు మన చేతిలో ఒక ప్రశ్న పెడుతుంది. ఆమె ఎవరు? బాణం ఎవరు వేశారు? బిడ్డ ఎవరి బిడ్డ? దర్శకుడు రాజమౌళి ఈ ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పలేదు. బాణం సంగతి పూర్తిగా తెలియాలంటే 2017లో రెండో భాగం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నను అందరూ గుర్తు పెట్టుకున్నారు. కానీ అంతకంటే ముందే, మొదటి దృశ్యంలోనే, ఒక ప్రశ్న వేసి ఉంచారు.

ఒక లోపం కూడా చెప్పాలి. శివుడు కొండ ఎక్కాక వచ్చే ప్రేమ భాగంలో, పాటలో ఆ ప్రశ్న కాసేపు మరుగున పడినట్టు నాకనిపించింది. అంత బలంగా మొదలుపెట్టిన సినిమా కాబట్టే ఆ ఆలస్యం నాకు ఎక్కువగా తెలిసింది.

మా తమ్ముడి వాదం వేరు. "మొదట్లో ఒక ఫైటు, హీరో స్లోమోషన్‌లో నడుచుకుంటా వస్తే చాలక్కా" అంటాడు. థియేటర్లో కాగితాలు విసిరి, ఈలలు వేసే గుంపులో వాడు ముందుంటాడు. నేనూ చప్పట్లు కొడతాను, అబద్ధం చెప్పను. కానీ ముందు కాళ్లు, తర్వాత చెయ్యి, తర్వాత కళ్లద్దాలు, చివరికి ముఖం చూపించే ఆ పద్ధతి ఎన్ని సినిమాల్లో చూశామో లెక్కలేదు. అది హీరో వచ్చాడని చెబుతుంది. అతనికి ఏం కావాలో, ఏం పోగొట్టుకుంటాడో చెప్పదు. ఈలలు ఆగాక మన దగ్గర ఏమీ మిగలదు.

ఈ రెండు పద్ధతులూ ఒకే సినిమాలో పక్కపక్కనే చూడాలంటే 'ఆర్‌ఆర్‌ఆర్' (2022) ఉంది. మొదట అడవిలో గోండు పిల్ల మల్లి పాట పాడుతూ దొరసాని చేతి మీద ముగ్గులా బొమ్మ వేస్తుంది. దొరసానికి ఆ పిల్ల నచ్చుతుంది. తల్లి ముందు రెండు నాణేలు పడతాయి. పాట బాగుందని ఇచ్చారని ఆ తల్లి అనుకుంటుంది. అవి పిల్లకు కట్టిన వెల అని తర్వాత తెలుస్తుంది. తల్లి అడ్డుపడితే సైనికుడు తుపాకి ఎత్తుతాడు. గవర్నరు ఆపుతాడు. దయతో ఆపాడేమో అనుకుంటాం. కాదు, తూటా ఖరీదు ఎక్కువట, ఈమె మీద వృథా చెయ్యకూడదట! అప్పుడు కట్టెతో కొడతారు.

ఆ తర్వాత రామ్ వేల మంది గుంపులోకి దూకి, రాయి విసిరిన ఒక్క మనిషిని పట్టుకొచ్చే పోరాటం ఉంది. అది చూస్తుంటే ఊపిరి ఆగిపోతుంది. అయినా నన్ను మూడు గంటలు కూర్చోబెట్టింది మాత్రం ఆ పోరాటం కాదు, మల్లి ఇంటికి వస్తుందా రాదా అన్న దిగులు. ఆ తూటా మాట కూడా ఊరికే పోలేదు, చివర్లో మళ్ళీ వస్తుంది. మొదట్లో విన్నవాళ్లకే ఆ చివర పూర్తిగా అందుతుంది.

ప్రతి మొదలూ ఇలా కన్నీళ్లతోనో రక్తంతోనో ఉండాల్సిన పని లేదు. 'ఈగ' (2012) మొదట్లో ఒక చిన్న పాప నిద్ర రాక నాన్నను కథ చెప్పమని అడుగుతుంది. నాన్న ఈగ కథ మొదలుపెడతాడు. అంతే. చనిపోయిన మనిషి ఈగగా పుట్టి పగ తీర్చుకోవడం మామూలుగా చెబితే నవ్వుతాం. కానీ పాప పక్కన పడుకుని వింటున్నాం కాబట్టి, "అదెట్లా సాధ్యం?" అని అడగం, "తర్వాత ఏమైంది?" అంటాం.

నిదానంగా మొదలయ్యే సినిమాలు కూడా ఉన్నాయి. 'షోలే' (1975) మాకు కొంచెం దగ్గరి సినిమా. అందులోని రామ్‌గఢ్ ఊరి సెట్టు వేసింది బెంగళూరు దాటి మైసూరు దారిలో ఉన్న రామనగర కొండల్లో. సినిమా మొదట్లో ఒక చిన్న స్టేషన్లో రైలు ఆగుతుంది. ఒక జైలు అధికారి దిగుతాడు. పేర్లు పడుతున్నంతసేపూ గుర్రాల మీద ఇద్దరు బండరాళ్ల మధ్య పోతూనే ఉంటారు. మా తమ్ముడు ఫోన్లో దాన్ని ముందుకు జరిపేశాడు. కానీ ఆ ప్రయాణంలోనే ఆ ఊరు ఎంత దూరమో, ఎంత ఒంటరిదో మనకు తెలుస్తుంది. అక్కడ ఠాకూరు శాలువా కప్పుకుని నిలబడి మాట్లాడతాడు. అప్పుడు మనం దాన్ని పట్టించుకోం. శాలువా కింద చేతులు లేవని చాలాసేపటికి గాని తెలియదు. తెలిశాక నేను మొదటి దృశ్యం మళ్ళీ పెట్టుకుని చూశాను. అంతా మన కళ్ల ముందే ఉంచి, మనకు కనిపించకుండా చేశారు.

అవ్వకు ఇష్టమైన సినిమా మాత్రం 'మాయాబజార్' (1957). మద్రాసులోని వాహినీ స్టూడియోలో కె.వి.రెడ్డి గారు తీశారు. అందులో ముందు భాగంలోనే ప్రియదర్శిని పెట్టె వస్తుంది. ఎవరు తెరిస్తే వాళ్ల మనసులో ఉన్నది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని! ఒక పెట్టెతోనే ఎవరు ఎలాంటివాళ్లో చెప్పేశారు. బలరాముడికి దుర్యోధనుడు కనిపించాడంటే పెళ్లి దగ్గర ఏం గొడవ రాబోతుందో తెలివైన ప్రేక్షకులు అప్పుడే ఊహిస్తారు.

ఇంతకీ అవ్వకు పేర్ల మీద అంత పట్టుదల ఎందుకో నేను ఈమధ్యే అడిగాను. అవ్వ బడికి పోలేదు. చిన్నప్పుడు టెంటు సినిమాలో నేల మీద కూర్చుని, తెర మీద పేర్లు పడుతుంటే పక్కనున్న అన్న చదివి వినిపించేవాడట. అన్న చెప్పిన పేరును, తెర మీది అక్షరాలను జత చేసుకుని, కొన్ని అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకుంది. తమిళనాడులో మా చుట్టూ అంగడి బోర్డులు, బస్సు బోర్డులు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అవ్వకు తెలుగు అక్షరం పెద్దగా కనిపించిన చోటు సినిమా తెర. ఆమెకు సినిమా మొదలంటే కథ మొదలు కావడానికి ముందే మొదలైనట్టు.

ఇప్పుడు చాలా తెలుగు సినిమాల్లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పడుతున్నాయి. ఇది తెలుగు సినిమా తీసేవాళ్లు ఆలోచించాల్సిన సంగతి అని నా అభిప్రాయం. ప్రేక్షకుణ్ణి మొదటి నిమిషం నుంచే పట్టుకోవాలని అంత కష్టపడేవాళ్లు, ఆ మొదటి నిమిషంలోనే మా అవ్వ లాంటివాళ్లను బయట నిలబెడుతున్నారు. ఇంగ్లీషుతో పాటు కింద తెలుగులో వేస్తే ఎవరికీ నష్టం లేదు.

పోయిన నెల సినిమాకు నాయన కూడా తొందరగా బయలుదేరాడు. పేర్లు మొదలయ్యాయి, అన్నీ ఇంగ్లీషులోనే. "ఎవరెవరు పాపా?" అని అవ్వ నా చెవి దగ్గర అడిగింది. నేను ఒక్కొక్కటే చదివి చెప్పాను. మా తమ్ముడు మొదట "ష్" అన్నాడు. సంగీతం ఎవరిదో నేను చదవలేక తడబడితే, వాడే అవ్వ వైపు వంగి చెప్పాడు.