ట్రెస్సా ఎందుకు కొనాలి?

ఒక ఊరి మధ్యలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడనుకుందాం. ఆయన దగ్గర మంచి గొడ్డలి ఒకటుంది, దుకాణాల్లో దొరకనిది. ట్రెస్సాని పంపితే ఆయన చెప్పిన ధర ఇచ్చి కొంటుంది. థీరియన్‌ని పంపితే జేబులోంచి కొట్టేస్తాడు. (గొడ్డలి జేబులో ఎలా పట్టిందని అడక్కండి.) గొడ్డలి అదే, మనిషి అదే. మరి ట్రెస్సా ఎందుకు కొనాలి?

2018లో స్క్వేర్ ఎనిక్స్ నింటెండో స్విచ్ మీద విడుదల చేసిన ‘ఆక్టోపాథ్ ట్రావెలర్’ గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది దాని బొమ్మల దగ్గరే ఆగిపోయారు. తొంభైల నాటి ఆటల్లోలా పిక్సెల్ మనుషులు, వాళ్ళ చుట్టూ త్రీడీ వెలుగునీడలు. దీనికి హెచ్‌డీ-టూడీ అని పేరు కూడా పెట్టుకున్నారు. అందంగా ఉంటుంది, కాదనను. కానీ యాభై అరవై గంటలు ఆడాక నా మనసులో మిగిలింది ఆ అందం కాదు, ఈ గొడ్డలి లెక్క.

ఓర్‌స్టెరా అనే ఖండంలో ఎనిమిది మంది యాత్రికులు, ఎనిమిది వృత్తులు. యుద్ధం ఒక ఎత్తు. ఊళ్ళోవాళ్ళతో ఒక్కొక్కరు చేయగలిగే పని ఇంకో ఎత్తు. ఈ పనులన్నీ జంటలు. పూజారిణి ఓఫీలియా మర్యాదగా వెంట రమ్మంటుంది, నర్తకి ప్రిమ్‌రోజ్ వల వేసి వెంట తిప్పుకుంటుంది. వైద్యుడు ఆల్ఫిన్ కబుర్లాడి విషయం రాబడతాడు, పండితుడు సైరస్ ఎదుటివాళ్ళకి తెలియకుండా కూపీ లాగుతాడు. ఫలితం ఒకటే, దారులు రెండు: పెద్దమనిషి దారి, పోకిరీ దారి. పోకిరీ దారిలో ఎంత శాతం అవకాశం ఉందో తెర మీద కనిపిస్తుంది. పదేపదే బెడిసికొడితే ఊళ్ళో పరువు పోతుంది, ఇక ఎవరూ దగ్గరికి రానివ్వరు.

కాగితం మీద చక్కటి తూకం. డబ్బుంటే కొను, ధైర్యముంటే దొంగిలించు. ఆటలోకి దిగాక ఈ తూకం నిలబడదు. పోయిన పరువుని మద్యశాలలో కాస్త డబ్బు పారేసి తిరిగి తెచ్చుకోవచ్చు. అదీ అక్కర్లేదు, దొంగతనానికి ముందు సేవ్ చేసుకుని, దొరికిపోతే మళ్ళీ లోడ్ చేస్తే చాలు. అవకాశం మూడు శాతమే ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. అంటే ఓర్‌స్టెరాలో అసలు నాణెం ఆటవాళ్ళు ‘లీవ్స్’ అని పిలిచే డబ్బు కాదు, మన సాయంకాలం. అరగంట ఓపిక ఉన్నవాడికి వేల ఖరీదు చేసే ఆయుధం ఉచితం.

ట్రెస్సా కథ తెలిసినవాళ్ళకి ఇది ఇంకా గుచ్చుకుంటుంది. రిప్పుల్‌టైడ్ అనే రేవు ఊళ్ళో కిరాణా కొట్టువాళ్ళ అమ్మాయి. సముద్రపు దొంగలు ఊరివాళ్ళ సరుకు ఎత్తుకుపోతే ఊరుకోలేక ఎదురు తిరుగుతుంది. వ్యాపారమంటే ఏమిటో, వస్తువుకి విలువ ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకోవాలని లోకం మీద పడుతుంది. కథ ఇలా నిజాయితీ బేరం గురించి మాట్లాడుతుంటే, పక్కనే అదే బృందంలో నడిచే థీరియన్ ఊరి తర్వాత ఊరు ఊడ్చేస్తుంటాడు. ట్రెస్సా ఒక్క మాట అనదు. ఎనిమిది కథలూ ఒకదానికొకటి తగలకుండా నడుస్తాయని ఈ ఆట మీద మొదటినుంచీ ఉన్న ఫిర్యాదు. నాకైతే ఆ ఫిర్యాదు ఎక్కువ కనిపించేది సంభాషణల్లో కాదు, సంచిలో. దొంగసొత్తూ కొన్న సొత్తూ ఒకే సంచిలో పడతాయి.

పైగా తాళం వేసిన ఊదారంగు పెట్టెల్ని థీరియన్ ఒక్కడే తెరవగలడు. అతను వెంట లేకపోతే ప్రతి గుహలోనూ ఏదో ఒకటి వదిలేసి వచ్చిన బాధ. నలుగురికే చోటున్న బృందంలో ఒక కుర్చీ అలా ముందే నిండిపోతుంది. రెండో కుర్చీ సైరస్‌ది. మొదటి గంటల్లోనే శత్రువులందరి మీదా ఒకేసారి నిప్పూ మంచూ పిడుగూ కురిపించేవాణ్ణి ఎవరు ఇంట్లో కూర్చోబెడతారు? ఇక మిగిలిన ఆరుగురికి రెండు కుర్చీలు. బయట ఉన్నవాళ్ళకి అనుభవం పాయింట్లు ఒక్కటీ రావు. ఇష్టమైన నలుగురితో హాయిగా ఆడుకున్నవాళ్ళకి ఆట చివర్లో దీని బిల్లు చేతికొస్తుంది. గాల్డెరా అనే ఆఖరి రాక్షసుడి ముందు వరసగా ఎనిమిది యుద్ధాలు, మధ్యలో సేవ్ లేదు, ఆ పైన ఎనిమిది మందినీ రెండు జట్లుగా దింపాలి. ముందు చెప్పకుండా పెట్టిన పరీక్ష ఇది. కష్టం మీద నాకు పేచీ లేదు. నలభై గంటల పాటు నలుగుర్ని చాలన్న ఆట, చివరి గంటలో ఎనిమిది మందిని అడగడం మీదే పేచీ.

ట్రెస్సాకి న్యాయం జరిగే చోటు ఒకటుంది, అది యుద్ధంలో. గుళ్ళు వెతికి పట్టుకుంటే ఒక్కొక్కరికీ రెండో వృత్తి తగిలించుకోవచ్చు. ఒక్కో వృత్తి ఒక్కరికే. వర్తకురాలికి సొంతంగా పక్కకి తప్పుకునే చిన్న ఉపాయం ఒకటుంది, దెబ్బ తగలకుండా. చూడ్డానికి పిరికిపని. రూన్‌లార్డ్ వృత్తిలో తన మీద వేసుకున్న విద్యని జట్టంతటికీ పంచే మంత్రం ఉంది. రెండూ కలిపితే నలుగురూ భౌతికమైన దెబ్బల్ని ఒకేసారి తప్పించుకుంటారు, పెద్ద పెద్ద బాస్‌లు గాలిలో కత్తి తిప్పుకుంటూ ఉండిపోతారు. తూకం తప్పిందని చాలామంది విసుక్కున్నారు. నాకైతే ఈ తప్పిన తూకమే నచ్చింది. కొనడం అమ్మడం తెలిసిన పిల్లకి ఆట చివరికి ఇచ్చిన బలం, తన దగ్గరున్నది పంచిపెట్టడం. రచయితలు కావాలని రాశారో లేదో గానీ, ఆమె కథలోని సంభాషణలన్నిటికంటే ఈ ఒక్క ఎత్తు ఆమె గురించి ఎక్కువ చెబుతుంది.

అంగళ్ళ గురించి చెప్పేదేం లేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి, ఇలాంటి అన్ని ఆటల్లాగే. ఆట సగం దాటాక డబ్బు మూలుగుతుంది, ఖర్చు పెట్టే చోటు ఉండదు.

2023లో వచ్చిన రెండో ఆటలో ఈ లెక్కని సవరించే ప్రయత్నం జరిగింది. పగలూ రాత్రీ వచ్చాయి, ఒక్కొక్కరికి రెండేసి పనులు వచ్చాయి. ఇప్పుడు ఆ గొడ్డలికి నాలుగు దారులు: కొనడం, దొంగిలించడం, బతిమాలి అడగడం, కొట్టి లాక్కోవడం. లాక్కునేవాడు పండితుడు ఆస్వాల్డ్ కావడం తమాషా. వర్తకుడు పార్టీషియో ఈసారి జట్టులో అందరూ కోరుకునే మనిషి, అతన్ని పక్కన పెట్టడానికి కారణం దొరకదు. అతని కథా పదునెక్కింది. వెండి గనుల ఊళ్ళో ఉంటూ, ఒప్పంద పత్రంలోని ఒక్క షరతు ఊరి కష్టాన్నంతా ఎలా మింగేస్తుందో చూసినవాడు, పేదరికమనే దయ్యాన్ని లోకంలోంచే తరిమేస్తానని బయల్దేరతాడు. నేను నమ్మాను కూడా. ఆ నమ్మకంతోనే రాత్రి కాగానే ఆస్వాల్డ్‌ని వెంటేసుకుని ఓ పల్లెలోకి వెళ్ళి, దారిలో నిలబడ్డ ఒకణ్ణి కొట్టి ఉన్నదంతా తీసుకున్నాను. తెల్లారాక అతను లేచి నిలబడి, నిన్న చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు.