దూరపు కొండలు

సింగపూరులో కొండ లేదు. బుకిట్ తిమా ఉంది కదా అంటారేమో. దాని ఎత్తు 163 మీటర్లు. ఊళ్ళోని ఆఫీసు భవనాలు చాలావాటికి దానికంటే ఎత్తెక్కువ. ఇక్కడ చెప్పుకోదగ్గ నది లేదు, మంచు లేదు, అగ్నిపర్వతం లేదు. ప్రకృతిని చూసి భయపడాలని ఎవరికైనా సరదా పుడితే పిడుగు ఒకటే దిక్కు. అందుకని ఈ ఊరివాళ్ళు బియ్యం, కూరగాయల్లాగే భయాన్ని కూడా దిగుమతి చేసుకుంటారు. కాదు, విమానమెక్కి అదున్న చోటికే వెళ్ళి వస్తారు. బోర్నియోలో కినబాలు ఉంది, 4,095 మీటర్లు. లొంబోక్‌లో రింజని, 3,726 మీటర్లు. తూర్పు జావాలో ఇజెన్, రాత్రిపూట గంధకం నీలంగా మండే చోటు. ఒక శుక్రవారం సెలవు పెడితే చాలు, ఆదివారం రాత్రికి ఇల్లు చేరవచ్చు.

మనవాళ్ళూ వెళుతున్నారు. వెళ్ళి ఊరుకోకుండా రాస్తున్నారు కూడా, అందుకు సంతోషమే. సంఘాల సావనీర్లలో, ఉగాది సంచికల్లో, ఇలాంటి సంకలనాల్లో కథల తర్వాత ఎక్కువగా కనిపించేది యాత్రావ్యాసమే. ఇన్నేళ్ళుగా వాటిని వరసగా చదివినవాడిగా నాకొక ఫిర్యాదు ఉంది.

ఆ వ్యాసాల నడక మీకూ తెలిసిందే. టికెట్లు చవగ్గా దొరకడంతో మొదలవుతుంది. సామాన్లలో పులిహోర, ఆవకాయ ఉంటాయి. శాకాహారం దొరక్క పడిన పాట్లు ఒక పేజీ. తెల్లవారుఝామున రెండింటికి లేచి, తలకి లైటు కట్టుకుని ఎక్కడం అర పేజీ. ఆపైన సూర్యోదయం, ఆ పక్కనే "వర్ణనాతీతం" అనే మాట. ఈ మాట కనిపించిందంటే రచయిత పెన్ను కింద పెట్టేశాడని అర్థం. వర్ణించడానికే కదా మనం అతన్ని చదువుతున్నాం! ఆ తర్వాత దిగడం రెండు వాక్యాలు, మోకాళ్ళ నొప్పుల మీద ఒక జోకు, అయిపోయింది.

ఇందులో లేనిది భయం. నాలుగువేల మీటర్ల దగ్గర ఊపిరి అందక తల పగిలిపోతున్నప్పుడు, తడిసిన రాతి మీద తాడు పట్టుకుని నిలబడ్డప్పుడు, "నేను ఇక్కడ ఎందుకున్నాను, పిల్లలేమవుతారు" అని ప్రతివాడికీ అనిపిస్తుంది. వచ్చాక మన బాల్కనీలో టీ తాగుతూ అవన్నీ చెబుతారు. కాగితం మీద పెట్టరు. ఎందుకు పెట్టరా అని చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచిన కారణం ఇది: ప్రవాసి రాసే యాత్రావ్యాసం అసలు వ్యాసం కాదు, ఇంటికి రాసే ఉత్తరం. "ఇక్కడ మేమంతా క్షేమం" అనే పాత ఇన్‌లాండ్ లెటరుకి కొనసాగింపు. అమ్మ చదువుతుంది, మామగారు చదువుతారు, వీధిలో పదిమందికీ చూపిస్తారు. కాబట్టి ఉద్యోగం కష్టాలు రాయనట్టే కొండ కష్టాలూ రాయం. దూరపు కొండలు నునుపు అన్న సామెత చూసేవాడి గురించి పుట్టింది. మనం వాటిని ఎక్కి, గరుకు ఎలా ఉంటుందో తెలుసుకుని, మళ్ళీ నునుపు చేసి పంపుతున్నాం.

ఇంటికి రాసే ఉత్తరం అయితే నిజం చెప్పకూడదని మాత్రం ఏమీ లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర పుట్టింది ఉత్తరాల్లోనే. ఆయన 1830 మే 18న మద్రాసులో పరివారంతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారిలోంచి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళైకి రాస్తూ పోయారు. 1838లో అది పుస్తకమైంది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకునే కాలం. ఆయన దారి ఎలాంటిది, ఏరు దాటడానికి పడవ ఉందా, ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దొరకవు అన్నీ చెప్పారు. పల్లకీ మోసిన బోయీలు కూడా ఆ పుస్తకంలో కనిపిస్తారు. మీరు బయలుదేరితే మీ ప్రాణానికి అక్కరకొచ్చే సంగతులు అందులో ఉన్నాయి. మనం రాసే కినబాలు వ్యాసం పట్టుకుని ఎవరైనా కినబాలు ఎక్కగలరా?

ఎక్కితే ఏమవుతుందో ఈ దేశానికి బాగా తెలుసు. 2015 జూన్ 5 ఉదయం ఏడుంపావు ప్రాంతంలో ఆ కొండ కంపించింది. తీవ్రత 6.0. బండలు దొర్లి 18 మంది పోయారు. అందులో తంజోంగ్ కటోంగ్ ప్రైమరీ స్కూలు బృందంలోని ఏడుగురు పిల్లలు, ఇద్దరు టీచర్లు, వాళ్ళ వెంట వెళ్ళిన సింగపూరు గైడు ఉన్నారు. స్థానిక గైడ్లు కూడా ఉన్నారు. అదే రోజు సాయంత్రం ఇక్కడ ఆగ్నేయాసియా క్రీడలు ప్రారంభమయ్యాయి. జూన్ 8ని జాతీయ స్మృతిదినంగా ప్రకటించి జెండాలు సగానికి దించారు, క్రీడా ప్రాంగణాల్లో మౌనం పాటించారు.

ఆ వారమంతా మన ఇళ్ళల్లో వినిపించిన మాట ఒకటే: "అంత చిన్నపిల్లల్ని అక్కడికెందుకు పంపాలి?" కడుపుకోత చూసి వచ్చిన మాట, తప్పు పట్టలేం. కానీ అంతకు ముందు అదే కొండ గురించి మనం రాసుకున్నవాటిలో ఆ ప్రశ్నకి చోటే లేదు. నునుపుగా చూపించిన కొండ ఒక్కరోజులో హంతకి అయిపోయింది. నిజానికి కొండ మారలేదు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే దుసున్ జనానికి అది పూర్వీకుల ఆత్మలుండే చోటు. వాళ్ళకి అందం, భయం వేరువేరు గదుల్లో లేవు. భూకంపం తర్వాత పైన చిక్కుకుపోయిన వంద మందికి పైగా మనుషుల్ని చాలావరకు నడిపించి, మోసి కిందికి తెచ్చింది అక్కడి కొండగైడ్లే. మన వ్యాసాల్లో వాళ్ళు "మా గైడు చాలా మంచివాడు" అన్న ఒక్క వాక్యంలో వచ్చి పోతారు.

ఇజెన్ వ్యాసాల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడ బిలంలోంచి గంధకం గడ్డల్ని రెండు బుట్టల్లో కావడి కట్టి భుజాన మోసుకొచ్చే కూలీలున్నారు. బరువు తరచు 70 కిలోలు దాటుతుంది. పర్యాటకుడు ముసుగు పెట్టుకుని ఒక గంట పీల్చే పొగని వాళ్ళు రోజూ పీలుస్తారు. వ్యాసంలో ఆ మనిషి ఫోటో ఉంటుంది, కింద "శ్రమజీవి" అని ఉంటుంది. అతనితో ఒక్క మాట మాట్లాడినట్టు ఉండదు. భాష రాదంటారా? బేరం చెయ్యడానికి వచ్చిన భాష సరిపోతుంది.

ఈ మోసేవాళ్ళ సంగతిలో సింగపూరుకే ఒక మంచి కథ ఉంది. 1998 మే 25న మొదటి సింగపూరు ఎవరెస్టు యాత్రలో ఎడ్విన్ సియూ, ఖూ స్వీ చియావ్ శిఖరం చేరారు. మంచే లేని ఊరివాళ్ళు, మూటలు వీపున కట్టుకుని హౌసింగ్ బ్లాకుల మెట్లు ఎక్కి దిగి సాధన చేసినవాళ్ళు. గెలిచాక ఒక గొడవ లేచింది. ఇద్దరూ మలేషియాలో పుట్టినవారు, అప్పటికి ఇక్కడ పీఆర్‌లు. మరి ఇది సింగపూరు విజయం ఎలా అవుతుందని. మనలాంటి పీఆర్‌లకి ఇది చెవిలో పడాల్సిన ప్రశ్న. ఇరవై ఏళ్ళు ఇక్కడ పనిచేసి, పన్ను కట్టి, రేపు మనం ఏ గుట్ట ఎక్కినా ఎవరి ఖాతాలో రాస్తారు? అయితే దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. వాళ్ళతో శిఖరం దాకా వెళ్ళిన షెర్పాలది ఏ దేశపు విజయం?

ఆ యాత్రకు నాయకుడు డేవిడ్ లిమ్. ఆయన శిఖరం ఎక్కలేదు. తిరిగివచ్చిన కొద్ది రోజులకే గిలాన్ బారే జబ్బు వచ్చి ఒళ్ళంతా చచ్చుబడింది, నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. తర్వాత, పూర్తిగా స్వాధీనంలోకి రాని కాలితో మళ్ళీ కొండలెక్కారు. ఆయన రాసిన 'మౌంటెన్ టు క్లైంబ్' మన యాత్రారచయితలు చదవాల్సిన పుస్తకం. శిఖరం చేరనివాడికి కూడా చెప్పడానికి ఒక పుస్తకం ఉంటుందని అది చూపిస్తుంది.

తెలుగులో అలాంటిది రాయడానికి మనకి విషయం లేకా? నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం నుంచి వచ్చిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో కనబడకుండా పోయాడు. ఏప్రిల్ 3న శవం దొరికింది. నేను చదివినంతలో, ఆయన మీద తెలుగులో వచ్చినవన్నీ దండలే. మాటల్లో వినిపించినవి మాత్రం వేరు: ఐఐటీ, ఐఐఎం చదివి ఈ పిచ్చి ఏమిటి అని. దండకీ విసుగుకీ మధ్య మనిషి జారిపోయాడు. ఉద్యోగం వదిలేసినవాడు డబ్బు ఎలా సమకూర్చుకున్నాడు, ఒంటరిగా ఎందుకు వెళ్ళాడు, వాతావరణం చెడినప్పుడు ఏం లెక్క వేసుకుని ఉంటాడు, ఇవి అడగడం చచ్చినవాణ్ణి కించపరచడం కాదు.

మలావత్ పూర్ణ విషయంలోనూ అంతే. 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలలకి, ఆనంద్‌కుమార్‌తో పాటు ఎవరెస్టు ఎక్కింది. ఆ వయసువాళ్ళని నేపాల్ ఒప్పుకోదు కనుక టిబెట్ వైపునుంచి వెళ్ళారు. అంతకు ముందు నెల, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు కూలి 16 మంది నేపాలీ సహాయకులు పోయారు. పూర్ణ గురించి గర్వంగా రాసుకున్న పేజీల పక్కన ఈ రెండో తేదీ కూడా ఉంటే ఆ పిల్ల ధైర్యం తగ్గదు, ఇంకా బాగా కనబడుతుంది.

మస్తాన్‌బాబు చదివిన కోరుకొండ సైనిక్ స్కూల్లో ఒక విగ్రహం ఉంది. అదే బడిలో చదివి, 1985లో సైన్యం పంపిన ఎవరెస్టు యాత్రలో చనిపోయిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావుది. ఆ విగ్రహాన్ని చూసే తనకి కొండల మీద మనసైందని మస్తాన్‌బాబు చెప్పేవాడట. కొండ మీదికి వెళ్ళి తిరిగిరానివాడి బొమ్మ ముందు నిలబడ్డ ఆ పిల్లవాడికి ఏమనిపించిందో, భయమేసిందో ఆశ పుట్టిందో, ఆ రెండూ కలిసే వచ్చాయో, రాసినవాళ్ళు నాకింకా కనబడలేదు.