ప్లాస్మిడ్‌లో భీమవరం వాటా

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో పోయారు. డీఎన్ఏ ఆకారం అప్పటికి ఎవరికీ తెలియదు. జన్యువును కోసి బ్యాక్టీరియాలో పెంచే విద్య పుట్టడానికి ఇంకా పాతికేళ్లు ఉంది. అయినా భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న ఆయన చేయి ఆ విద్యలో రెండు చోట్ల కనిపిస్తుంది.

మొదటిది అతుకు దగ్గర. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియాలో క్రోమోజోముకు విడిగా ఉండి, తన నకళ్లు తానే తీసుకునే చిన్న డీఎన్ఏ వలయం. దాన్ని ఒక ఎంజైముతో కోసి, మనకు కావాల్సిన జన్యువును అందులో ఇరికించాలి. కడియం నర్సరీల్లో అంటు కట్టేవాళ్లకు ఇది వింతేమీ కాదు: రెండు కోతలూ ఒకదానికొకటి సరిపోవాలి. అందుకే జన్యువునూ, వలయాన్నీ ఒకే ఎంజైముతో కోస్తారు. కొసలు కలిశాక వాటిని అతికించేది టీ4 లైగేజ్ అనే ఎంజైము. దానికి కణాలకు శక్తినిచ్చే ఏటీపీ లేనిదే పని జరగదు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుక్కున్నది సుబ్బారావుగారే. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు.

రెండోది, కావాల్సిన కణాన్ని ఏరే దగ్గరిది, ఇంకా రుచిగా ఉంటుంది. 1945లో లెడర్లీ కంపెనీలో ఆయన పరిశోధన విభాగాన్ని నడుపుతుండగా, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. తర్వాత ఫైజర్‌లో లాయిడ్ కోనోవర్ ఆ మందులోని క్లోరిన్ తీసేసి టెట్రాసైక్లిన్ తయారుచేశాడు. ఈ మందును తట్టుకునే జన్యువున్న ప్లాస్మిడ్‌తోనే 1973లో కోహెన్, బోయర్ ఈ విద్యకు శ్రీకారం చుట్టారు.

1977లో వచ్చిన పీబీఆర్322 అనే ప్లాస్మిడ్‌లో అయితే రెండు మందుల్ని తట్టుకునే జన్యువులున్నాయి: ఆంపిసిలిన్‌ది ఒకటి, టెట్రాసైక్లిన్‌ది ఒకటి. మొత్తం వలయం 4,361 జతల డీఎన్ఏ అక్షరాలే. బామ్‌హెచ్1 ఎంజైము దాన్ని ఒక్కచోటే, అదీ టెట్రాసైక్లిన్ జన్యువు మధ్యలోనే కోస్తుంది. అక్కడ కొత్త జన్యువు దూరిందా, పాతది చెడుతుంది. ఆ చెడడమే మనకు గుర్తు.

కాల్షియం క్లోరైడ్‌లో నానిన ఈకోలై బ్యాక్టీరియాను ఐసు మీంచి తీసి, 42 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచితే కొన్ని కణాలు ప్లాస్మిడ్‌ను లోపలికి తీసుకుంటాయి. ఆంపిసిలిన్ పళ్లెంలో తెల్లారేసరికి ఆ కణాలే చుక్కలు చుక్కలుగా లేస్తాయి. వాటిమీద మఖమల్ గుడ్డ మెత్తగా అద్ది, అదే గుడ్డను టెట్రాసైక్లిన్ పళ్లెం మీద అద్దాలి. మర్నాడు రెండు పళ్లేలూ పక్కపక్కన పెడితే, రెండో దాంట్లో ఎక్కడ చుక్క లేవలేదో మొదటి దాంట్లో అక్కడిదే మనక్కావాల్సిన కణం. డీఎన్ఏకు నకళ్లు తీసి చూపే పీసీఆర్ పద్ధతి వచ్చాక ఈ గుడ్డ పని దాదాపు మూలపడింది. పిల్లలకు మాత్రం ఒక్కసారైనా చేయించాలంటాను. చచ్చినదాన్ని బట్టి బతికినదాన్ని పట్టుకోవడం చేత్తో చేస్తేనే బుర్రకెక్కుతుంది.

ఫలితం సంగతి చెప్పాలంటే, పందుల, పశువుల క్లోమం నుంచి తీసే ఇన్సులిన్ స్థానంలో ఈకోలై చేసిన మనిషి ఇన్సులిన్ 1982లో అమెరికా మార్కెట్‌కు అనుమతి పొందింది. మన దగ్గర ఇదే విద్యతో 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. ఆ వైరస్ ప్రోటీను ఈకోలైలో సరైన రేణువులుగా కట్టుకోదు కాబట్టి అక్కడ ఈస్ట్‌ను వాడారు. ఈస్ట్‌లోకి పంపే ప్లాస్మిడ్‌నైనా ముందు ఈకోలైలో పెంచుకోవడమే ఈ పనిలో ఆనవాయితీ.