ఏరు దాటే ముందు: పాలమూరులో ‘యాత్రికుని ప్రయాణము’

మా అవ్వ ట్రంకు పెట్టెలో మూడు పుస్తకాలుండేవి. ఒకటి బైబిలు, ఒకటి పాటల పుస్తకం, మూడోది అట్ట చిరిగిన ‘యాత్రికుని ప్రయాణము’. మొదటి రెండూ ఆదివారం ఆమెతో పాటు చర్చికి పోయొచ్చేవి. మూడోది ఎండాకాలం సెలవుల్లో మాత్రమే బయటికొచ్చేది. అవ్వకు చదువు రాదు. కరెంటు పోయిన సాయంత్రాలు నన్నూ, మా పెదనాయిన కొడుకునీ కందిలి పక్కన కూర్చోబెట్టి వంతులవారీగా చదివించుకునేది.

పోయినేడాది అవ్వ పోయింది. భూస్థాపన అయ్యాక పెట్టె తెరిస్తే ఆ పుస్తకం అట్లాగే ఉంది. హైదరాబాద్ తెచ్చుకుని, ఇంగ్లీషు మూలం పక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. అందుకే ఈ వ్యాసంలో పాత్రల పేర్లు ఇంగ్లీషులోవే వాడుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఇది భక్తి వ్యాసం కాదు. నేను చర్చికి పోవడం మానేసి పదేళ్లయింది. పరలోకం ఉందా లేదా అన్నది నేను తేల్చగలిగింది కాదు. పరలోకానికి పోతామని నమ్మినవాళ్లు ఇక్కడ ఎట్లా బతికారు, ఆ నమ్మకం వాళ్ల చేత ఏం చేయించింది అన్నదే నా ప్రశ్న. దానికి ఈ పుస్తకం కన్నా మంచి ఆధారం నాకు దొరకలేదు.

రాసినవాడు జాన్ బన్యన్. ఊరూరా తిరిగి చిల్లులు పడ్డ గిన్నెలు బాగుచేసే వృత్తి. అనుమతి లేకుండా బోధిస్తున్నాడని 1660లో బెడ్‌ఫర్డ్ జైల్లో వేస్తే పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడు. మొదటి భాగం 1678లో వచ్చింది, రెండోది 1684లో. మిషనరీలు పోయిన దేశాలన్నిటికీ ఈ పుస్తకమూ పోయింది. ఒక్క ఆఫ్రికాలోనే దాదాపు 80 భాషల్లోకి వెళ్లిందని ఇసబెల్ హాఫ్‌మేర్ దీని మీద రాసిన పుస్తకంలో లెక్క చెప్తుంది. మన వైపు సంగతి చూస్తే, రష్యా నుంచి మెన్నొనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండకు వచ్చాడు. 1899 నుంచి అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్లు వచ్చారు. తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి వైపు చర్చిలు లేచాయి. చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, మాలలు. మాదీ అట్లాంటి ఇల్లే.

మొదటి భాగం కథ చాలామందికి తెలిసిందే. క్రిస్టియన్ అనేవాడు తన పట్టణం నాశనం కాబోతోందని ఒక పుస్తకంలో చదువుకుని, వీపు మీద బరువుతో పరలోక పట్టణానికి బయల్దేరతాడు. పెళ్లాం పిల్లలు వెనక నుంచి పిలుస్తుంటే రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని పరిగెత్తుతాడు. మాక్స్ వెబర్ 1904–05లో ప్రొటెస్టెంట్ల మీద రాసినప్పుడు సరిగ్గా ఈ దృశ్యాన్నే పట్టుకున్నాడు. ఎవడి రక్షణ వాడు చూసుకునే మనిషికి ఇదే బొమ్మ అన్నాడు.

పాలమూరులో ఈ పేజీ వేరేగా చదువుకోవాల్సి వస్తుంది. మేం చదివే రోజుల్లో మా నాయిన, పెదనాయిన బొంబాయిలో ఉండేవాళ్లు. గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక బస్సు ఎక్కేది తెల్లవారకముందే, పిల్లలు లేవకముందు. నేను వెబర్‌ని చదవకముందే ఈ దృశ్యం నాకు కోపం తెప్పించేది. చెవులెందుకు మూసుకున్నాడని అవ్వను అడిగాను.

“ఏడుపు ఇనొస్తే కాళ్లు ఆడయి కొడుకా. గందుకే మూసుకున్నడు,” అంది.

వెబర్‌కు అది స్వార్థంగా కనిపించింది, అవ్వకు వలసగా. మేం ఇక్కడ పరదేశులం, యాత్రికులం అని చర్చిలో పాడేటప్పుడు ఆ గొంతుల్లో సగం కొడుకులు ఊళ్లో లేనివాళ్లవి. వాళ్లకు ఆ మాటలో వర్ణించి చెప్పాల్సిందేమీ లేదు.

పరలోకం అనగానే నల్లమందు అనేయడం మన సాహిత్య విమర్శలో అలవాటే. ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేనూ ఒక కాలేజీ మ్యాగజైన్‌లో అదే రాశాను. పేదవాడికి పైన మేడ చూపించి కింద గుడిసె మరిపిస్తున్నారని. అందులో నిజం లేకపోలేదు. కానీ ఇదే పుస్తకాన్ని ఇంగ్లండు కార్మికోద్యమానికి పునాది వేసిన రెండు పుస్తకాల్లో ఒకటిగా ఈ.పీ. థాంప్సన్ 1963లో లెక్కగట్టాడు. ఒకే పుస్తకం ఒకచోట నిద్రపుచ్చి ఇంకోచోట లేపుతోందంటే, తేడా పుస్తకంలో ఉందా, చదివేవాళ్లలో ఉందా? నేనైతే ఏ భాగం చదువుతున్నాం అన్నదాంట్లో ఉందంటాను.

మా చర్చిలో తరచు వినబడే మాట ‘సిద్ధపాటు’. ప్రభువు ఎప్పుడొస్తాడో తెలియదు, సిద్ధపడి ఉండండి అనేవాళ్లు. పదిమంది కన్యకల కథ చెప్పి, దీపంలో నూనె ఉందా అని అడిగేవాళ్లు. కల్లు మానావా, సినిమా మానావా, బొట్టు తీశావా? రిలీజుకు ముందు మేం ఆఫీసులో టిక్కులు పెట్టుకునే చెక్‌లిస్టు లాంటిదే, కాకపోతే ఎవరి చెక్‌లిస్టు వాళ్లది. నూనె పక్కవాళ్లకు ఇవ్వడానికి వీల్లేదు కదా. ఇది పూర్తిగా బన్యన్ మొదటి భాగం.

శంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టి, పాలమూరు పల్లె మీద ‘కొండూరు’ (1971) అనే పుస్తకం రాసిన పాల్ హీబర్ట్ ఈ లోపాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. 1982లో రాసిన ఒక వ్యాసంలో ఆయన చెప్పింది సుమారుగా ఇది: మిషనరీల ప్రపంచానికి రెండే అంతస్తులు. పైన దేవుడూ పరలోకం, కింద సైన్సూ ఆసుపత్రీ. పల్లె మనిషి రోజూ మసిలే మధ్య అంతస్తు వాళ్లకు కనబడనే లేదు. దయ్యం పట్టడం, దిష్టి తగలడం, ఊరికి అమ్మవారు పోయడం, పోయిన పెద్దలు కలలోకి రావడం, వీటికి వాళ్ల దగ్గర జవాబు లేదు. హీబర్ట్ మాట నిజమే. కాకపోతే ఆయన మధ్య అంతస్తు నిండా దేవతల్నీ దయ్యాల్నీ చూశాడు. అక్కడ కిరాణా కొట్టు బాకీ, గట్టు పంచాయితీ, కూతురికి ఇవ్వాల్సిన ఇత్తడి బిందె కూడా ఉంటాయి. వీటిని పరలోకంతో కలిపే పని బన్యన్ రెండో భాగంలో జరుగుతుంది.

రెండో భాగానికి విమర్శకుల్లో పెద్ద పేరు లేదు. కథలో బిగువు తక్కువ, దారిలో భోజనాలూ పెళ్లిళ్లూ ఎక్కువ. మొదటి భాగంలో వదిలేసిన భార్య క్రిస్టియానా ఇప్పుడు నలుగురు కొడుకులతో, పక్కింటి అమ్మాయి మెర్సీతో అదే దారి పడుతుంది. పోయేకొద్దీ గుంపు పెరుగుతుంది. ముసలివాళ్లు, పిరికివాళ్లు, కుంటివాళ్లు చేరతారు. ఫీబుల్‌మైండ్ అనేవాడు మీతో సమానంగా నడవలేను, మీకు బరువవుతానంటే, నీకోసం ఆగుతాం పద అంటాడు దారి చూపించే గ్రేట్‌హార్ట్. మొదటి భాగమంతా వెతికినా ఇట్లా గుంపంతా ఒకడి కోసం ఆగే చోటు కనబడదు.

చివర్లో వంతెన లేని నది. అక్కడ ఒక్కొక్కరికీ పిలుపు ఉత్తరం వస్తుంది. క్రిస్టియానాకు పది రోజుల గడువు. ఆ పది రోజుల్లో ఆమె చేసిన సిద్ధపాటు చూడండి. పిల్లల్ని దీవిస్తుంది, తోటివాళ్లకు ఒక్కొక్కరికీ ఒక మాట చెప్తుంది, ఉన్న కొంచెం పేదలకు రాసిస్తుంది. స్టాండ్‌ఫాస్ట్ అనేవాడు ఇంటి దగ్గర వదిలొచ్చిన భార్యకూ ఐదుగురు పిల్లలకూ కబురు చెప్పమని గ్రేట్‌హార్ట్‌ను బతిమాలి నదిలో దిగుతాడు. మొదటి భాగంలో చెవులు మూసుకున్న మనిషికి బన్యన్ ఆరేళ్ల తర్వాత చేసిన సవరణ ఇదేనని నాకనిపిస్తుంది. ఆయన జైల్లో ఉన్నన్నాళ్లూ బయట భార్యాపిల్లలున్నారని గుర్తుంచుకుంటే ఆ సవరణ ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించొచ్చు.

అవ్వకు ఏరంటే కృష్ణ. సోమశిల దగ్గర పడవెక్కి అవతలికి కూలికి పోయిన రోజులు చెప్పేది. పడవ ఎక్కే ముందు ఊళ్లో ఎవరితోనూ మాట పట్టింపు ఉంచుకోరంట. చివరి ఏడాది ఆమె చేసినవి నాకు అప్పుడు ముసలితనపు చాదస్తంలా కనబడ్డాయి. పెట్టెలో తెల్లచీర మడతపెట్టి ఉంచింది. ఇత్తడి బిందె మేనత్తకు ఇచ్చేసింది. ఇరవై ఏళ్లుగా గట్టు దగ్గర తగాదా ఉన్న పక్కింటామె దగ్గరికి కర్ర పట్టుకుని పోయి, “నాదే తప్పైందక్కా,” అనొచ్చింది. తప్పు ఆమెది కాదని ఊరంతా చెప్తుంది. ఆదరణ కూడిక అయ్యాక బాకీ ఏమన్నా ఉంటే కడదామని కిరాణా కొట్టుకు పోతే, కొట్టాయన నోటుబుక్కు తిప్పి చూపించాడు. ఆమె పేరు మీద గీత కొట్టేసి ఉంది. నెల కిందనే కట్టేసిందట, అప్పు పెట్టిపోతే పైన మొకమెట్ల చూపియ్యాలె అని.

నల్లమందు అనుకుంటే ఈ గీతను ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. పైన ఎవరికో మొహం చూపించాలన్న ఆశే కింద కొట్టాయనకు డబ్బు కట్టించింది.

అంతా ఇంత చక్కగా కుదరదు. నది ఒడ్డునే ఇంకో పాత్ర ఉంది, రెడీ-టు-హాల్ట్. దారంతా చంకకర్రల మీద నడిచినవాడు. అవతల రథాలు కనబడగానే ఇంక ఇవి అక్కర్లేదని వదిలేస్తాడు, కానీ వదిలే ముందు వాటిని కొడుకు పేర రాస్తాడు, నాకన్నా వాడు బాగుండాలని కోరుకుంటూ. మా అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. అక్కడి బోరునీళ్లు తాగి తరాలకు తరాలు ఎముకలు వంగిపోయాయి. మా మేనమామకు నలభై ఏళ్లకే నడుం వంగి రెండు కట్టెలు చేతికొచ్చాయి. పునరుత్థానంలో మహిమ శరీరం వస్తుందని ప్రసంగంలో చెప్తే, హైదరాబాద్ చర్చిలో అది సిద్ధాంతంలా వినబడుతుంది. మర్రిగూడలో నడుం నిటారుగా నిలబడటంలా వినబడుతుంది.

కానీ అక్కడ చంకకర్రలు కొడుకుకు రాసివ్వడం అనేది అలంకారం కాదు. నీళ్లు మారకపోతే నిజంగానే వస్తాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు, నీళ్ల గోడు దేశానికి వినిపించాలని. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. మామ ఆ ఏడు కట్టెలు పట్టుకునే ధర్నాల్లో కూర్చున్నాడు. పరలోకంలో ఎట్లాగూ బాగైతవు కదా మామా అని ఒకసారి వెటకారమాడితే, “నేనైత. నా కొడుకు సంగతేంది?” అన్నాడు. రెడీ-టు-హాల్ట్ కోరికకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

ఇక నేను ఈ పుస్తకంతో ఒప్పుకోలేని చోటు. మొదటి భాగం చివరి పేజీలో ఇగ్నోరెన్స్ అనేవాడు పడవలో సులువుగా నది దాటి గుమ్మం దాకా వస్తాడు. నీ సర్టిఫికెట్ ఏదని అడుగుతారు. అక్షరాలా ఆ మాటే ఉంది ఇంగ్లీషులో. వాడు రొమ్ము దగ్గర తడుముకుంటాడు, దొరకదు. కాళ్లూ చేతులూ కట్టి నరకంలో పడేస్తారు.

సర్టిఫికెట్ అనే మాట మా ఇళ్లల్లో ఊరికే రాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే. చర్చిలో చేరిన మాదిగ మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు, ఒక్క శాతం కోటాలో. అవ్వ పట్టుబట్టడంతో నాయిన నాకు బీసీ-సీ రాయించాడు. పెదనాయిన తన కొడుక్కు ఎస్సీ రాయించాడు. ఒకే కందిలి కింద చదివిన ఇద్దరం రెండు కాగితాలతో బయటికొచ్చాం. ఊళ్లో మా వాడను చూసే చూపు మాత్రం ఇద్దరికీ ఒకటే. వాడిప్పుడు ప్రభుత్వ ఉద్యోగి. అవ్వ భూస్థాపన రోజు శవపేటికను భుజం మీద మోసుకొచ్చాడు. సమాధి దగ్గర సిలువ పక్కన అందరం నిలబడి ఫోటో దిగేటప్పుడు మాత్రం పక్కకు జరిగాడు.

నాకు ఆ క్షణంలో వాడి మీద కోపమొచ్చిన మాట నిజం. తర్వాత సిగ్గేసింది. కింద ఒక సర్టిఫికెట్, పైన ఒక సర్టిఫికెట్ అడిగే రెండు గుమ్మాల మధ్య వాణ్ని నిలబెట్టింది వాడు కాదు. బన్యన్ తానే అనుమతి కాగితం లేనందుకు పన్నెండేళ్లు జైల్లో ఉన్నవాడు. అట్లాంటివాడు పరలోకపు గుమ్మం దగ్గర కూడా కాగితం అడిగే బంట్రోతును ఎందుకు పెట్టాడో నాకు అర్థం కాదు. సిద్ధాంతపరంగా దానికి జవాబులున్నాయి, చదివాను. అవి నన్ను ఒప్పించలేదు.

అవ్వ పుస్తకంలో రెండో భాగం పేజీలు జిడ్డుపట్టి మెత్తబడ్డాయి. మొదటి భాగం చివరి పేజీ మాత్రం దాదాపు కొత్తగా ఉంది. ఎందుకో గుర్తురాక మా పెదనాయిన కొడుక్కు ఫోన్ చేశాను. వాడికి గుర్తుంది. అక్కడికి రాగానే అవ్వ పుస్తకం మూయించేదట.

“ఏమనేదో యాదుందా?” అన్నాడు. “వాడు గూడ ఏరు దాటొచ్చినోడే కదరా, రానిస్తె ఏం పోతుండె, అనేది.”