పొద్దు వాలకముందే దిగాలి

గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దాటి చెరకు తోటల మీదుగా వాయవ్యం వైపు చూస్తే ఆకాశం అంచున నీలంగా కొండల వరస కనిపిస్తుంది. అవి మాడుగుల కొండలు, వాటి వెనకాల పాడేరు. హల్వా కోసం మాడుగుల వెళ్ళేవాళ్ళూ, ఘాట్ రోడ్డులో అమ్మవారి పాదాల దగ్గర బండి ఆపి ఫోటోలు తీసుకునేవాళ్ళూ మా వైపు బోలెడుమంది. ఆ రోడ్డు దిగి, పక్కనున్న కాలిబాట పట్టుకుని ఒక పూట నడిచేవాళ్ళు మాత్రం చాలా అరుదు. పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరే కొండ నడక గురించి ఈ వారం రాస్తున్నాను. దీనికి గుడారాలు, తాళ్ళు, వేల రూపాయల బూట్లు అక్కర్లేదు. కాళ్ళు, నీళ్ళు, పొద్దు మీద ధ్యాస ఉంటే చాలు.

నడక మనకు కొత్తేం కాదు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షలమంది 32 కిలోమీటర్లు నడుస్తారు. మా ఊళ్ళనుంచి వెళ్ళే అరవయ్యేళ్ళ ఆడవాళ్ళు కూడా చెప్పుల్లేకుండా, రాత్రంతా ఆగకుండా నడిచి తెల్లారేసరికి చుట్టు పూర్తిచేస్తారు. కాబట్టి మాకు కాళ్ళలో శక్తి లేదంటే నేనొప్పుకోను. అయితే ఆ రోజు తారు రోడ్డుంటుంది, దీపాలుంటాయి, అడుగడుగునా మజ్జిగ, పులిహోర పంచేవాళ్ళుంటారు. జనమే మనల్ని ముందుకు తోస్తారు. కొండ దారిలో అవేవీ ఉండవు. అక్కడ మన నడక మనమే నడవాలి.

కొత్తవాళ్ళు మొదట అనకాపల్లి పక్కనున్న శంకరం వెళ్ళమంటాను. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వకాలతో వెలుగులోకి వచ్చిన బొజ్జన్నకొండ, దాని పక్కన లింగాలకొండ. రాతిలోనే తొలిచిన స్తూపాల మధ్య మెల్లగా ఎక్కి దిగితే మోకాళ్ళ సంగతి తెలిసిపోతుంది. అక్కడ ఆయాసపడకుండా మాట్లాడుతూ ఎక్కగలిగితే మాడుగుల వైపు రావచ్చు.

రావలసిన కాలం కార్తీకం తర్వాతది. అక్టోబరు తుఫానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ చుట్టుపక్కల కొండల మీద చెట్లు ఎలా కూలాయో చూసినవాళ్ళెవరూ ఆ నెలలో అడవిలోకి తొందరపడరు. నవంబరు నడిమికి దారులు ఆరతాయి, గెడ్డల్లో నీళ్ళు తేటపడతాయి. ఫిబ్రవరి వరకు హాయిగా నడవొచ్చు. ఆ తర్వాత ఎండ నడవనివ్వదు.

మా వైపు కొండలతో ఒక చిక్కుంది. అవి మాకు పడమట ఉన్నాయి. తూర్పు ముఖంగా ఉన్న వాలు మీద పొద్దున ఆరున్నరకే వెలుగు దంచుతుంది గాని, మధ్యాహ్నం నాలుగయ్యేసరికి సూర్యుడు శిఖరం వెనక్కి జారిపోతాడు. చోడవరంలో ఇంకా పొద్దుండగానే ఇక్కడి లోయలో చెట్ల కింద మసక కమ్ముతుంది. నవంబరు, డిసెంబరుల్లో అసలు పొద్దే అయిదున్నర లోపు గుంకుతుంది. అందుకే పన్నెండున్నరకి ఎక్కడుంటే అక్కడే కూర్చుని తినేసి వెనక్కి తిరగాలి. శిఖరం ఇంకో అరగంట దూరంలో ఊరిస్తున్నా సరే. నేను గట్టిగా పట్టుకునే నియమం ఇదొక్కటే, నాతో వచ్చే కుర్రాళ్ళు ఎక్కువగా గొడవపడేదీ దీని మీదే. దిగేటప్పుడు తొడలు వణుకుతాయి, మడమ కింద రాయి జారుతుంది. ఎక్కిన దానికన్నా దిగడానికే ఎక్కువ వెలుగు కావాలని రెండు మూడు కొండలు చూశాక వాళ్ళకే అర్థమవుతుంది.

దారిని చదవడం నేర్చుకోవడమే ఈ నడకలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. కొండ మీద కనిపించే ప్రతి గీతా దారి కాదు. గొడ్లు నడిచిన దారి వెడల్పుగా, తొక్కుడు పడి, నమ్మకం పుట్టించేలా ఉంటుంది. ఎత్తు ఎక్కడా ఎక్కదు, మేతున్న చోటల్లా పాయలుగా విడిపోయి చివరికి ఏ పొదలోనో మాయమైపోతుంది. వాన నీరు కోసిన దారి నిటారుగా ఉంటుంది, అడుగున గులకరాళ్ళు బయటపడి ఉంటాయి. మనిషి దారి సన్నం. రెండు పాదాలు పక్కపక్కన పట్టనంత సన్నం. బరువు మోసుకుని ఎక్కేవాళ్ళు వేసింది కాబట్టి ఎత్తు సమంగా పంచుకుంటూ వాలుకి అడ్డంగా పోతుంది. మలుపుల్లో మొక్కలు నరికిన కత్తి గాట్లుంటాయి. గెడ్డ దాటే చోట అడుగు దూరానికొకటి చొప్పున బల్లపరుపు రాళ్ళు పరిచి ఉంటాయి. ఊట ఉన్న చోట చీల్చిన వెదురు బద్ద దోనెలా అమర్చి, పక్కనే ఎవరో అడ్డాకు డొప్ప వదిలి ఉంటారు. ఆ డొప్ప కనిపిస్తే ఊరు దూరం లేదని అర్థం. ఒకసారి రెండు దారులు చీలిన చోట మేం తటపటాయిస్తుంటే, నెత్తిన చీపుళ్ళ మోపుతో దిగుతున్న ఒకామె ఆగకుండానే, "అది గొడ్ల దారి బాబూ, ఇటెల్లండి" అని చెప్పి వెళ్ళిపోయింది. అంత బరువు కింద మెడ తిప్పే వీలు కూడా లేదామెకు.

గెడ్డల దగ్గర జాగ్రత్త వేరు. ఇక్కడి రాళ్ళలో ఎర్రగా పెళుసుబారినది ఖొండలైట్. గెడ్డ ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని ఎండకి చూపిస్తే ఆ రాయి నుంచి రాలిన గార్నెట్ రేణువులు దానిమ్మ రంగులో మెరుస్తాయి. చార్నొకైట్ బండలు నల్లగా, నున్నగా ఉంటాయి. నాచు పట్టిన నల్ల బండ మీద ఏ బూటూ ఆగదు. జలపాతాల దగ్గర ప్రాణాలు పోవడానికి లోతు తెలియని మడుగు ఒక కారణమైతే ఆ బండ రెండోది. మూడోది పైన పడే వాన. మన నెత్తిన ఎండ కాస్తున్నా, పై ఊళ్ళలో వాన కురిస్తే గెడ్డ నిమిషాల్లో పొంగుతుంది. తేటగా ఉన్న నీరు ఎర్రబారినా, ఎండుటాకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా, నీటి చప్పుడు బరువెక్కినా మారు ఆలోచన లేకుండా గట్టెక్కాలి. గెడ్డ మధ్య బండ మీద కూర్చుని అన్నం తినే సరదా నేను ఎవరికీ నేర్పను.

పాముల గురించి అందరూ అడుగుతారు. మాడుగుల, చీడికాడ వైపు గిరినాగులున్నాయి. అవి మిగతా పాముల్ని తిని బతుకుతాయి, మనిషి అలికిడికి తప్పుకుంటాయి. ఎండాకాలంలో ఆడపాము ఎండుటాకులు పోగుచేసి గూడు కట్టి, గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. పాముల్లో ఆకులతో గూడు కట్టేది అదొక్కటే. వెదురు పొదల్లో గాలికి చేరినట్టు కాకుండా కుదురుగా పేర్చినట్టున్న ఆకుల కుప్ప కనిపిస్తే దూరంగా తిరిగి వెళ్ళాలి. నిజానికి అంతకన్నా పట్టించుకోవలసింది దోమని. మన్యంలో మలేరియా పాత శత్రువు. నిండు చేతుల చొక్కా మరిచిపోవద్దు.

సంచిలో మూడు లీటర్ల నీళ్ళు, చోడంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఒక అనకాపల్లి బెల్లం ముక్క. ఇంతకన్నా మంచి కొండ భోజనం నాకు తెలీదు.

ఇక నన్ను వదలని సంగతి చెప్పాలి. నేను ఆదివారం పూట సంతోషం కోసం ఎక్కే ఈ దారి ఎవరిది? చింతపండు, అడ్డాకులు, చీపుళ్ళు మోసుకుని సంతకి దిగే కొండదొరలదీ, కోదులదీ. రేషన్ బియ్యం నెత్తిన పెట్టుకుని ఎక్కేవాళ్ళది. అర్ధరాత్రి నొప్పులు మొదలైన అమ్మాయిని డోలీలో వేసుకుని నలుగురు మోసుకొచ్చేదీ ఈ దారినే. నేను పగటి వెలుగులో ఊతకర్రతో దిగే చోట వాళ్ళు టార్చిలైటు పళ్ళతో కరుచుకుని దిగుతారు. ఆ సంగతి తెలిశాక కూడా దారి అందం తగ్గదు గాని, దాని గురించి మాట్లాడే గొంతు మారాలి. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు పాటల పెట్టె మోగించడం, అడక్కుండా ఇళ్ళని, పిల్లల్ని ఫోటోలు తీయడం, ఊట దగ్గర షాంపూ పొట్లాలు పారెయ్యడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఊట వాళ్ళ తాగునీరు.

నూరేళ్ళ కిందట ఈ మన్యంలో రోడ్డు అంటే వెట్టి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించడానికి గిరిజనుల్ని కూలి సరిగా ఇవ్వకుండా అరగదీశారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అడవి మీద ఉన్న హక్కుల్ని అంతకుముందే బిగించేసింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లను వరసగా కొట్టగలిగిందంటే, పోలీసులకు అంతుపట్టని కాలిదారులు ఆ దళానికి కొట్టినపిండి కావడం ఒక పెద్ద బలం. ఇవాళ అదే మన్యం రోడ్డు కావాలని అడుగుతోంది. 2025 ఏప్రిల్‌లో 'అడవి తల్లి బాట' పేరుతో రాష్ట్ర ప్రభుత్వం గిరిజన ఊళ్ళకు రోడ్ల పనులు మొదలుపెట్టింది. రోడ్డొస్తే కొండల అందం పోతుందని బాధపడే పట్నం మిత్రులు నాకున్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. డోలీ ఆగడం ముందు, నా నడక తర్వాత.

అయినా పాత బాట పూర్తిగా పోనక్కర్లేదు. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం, రోడ్డొచ్చిన రెండు వానాకాలాలకి, నడిచేవాళ్ళు లేక, తుప్పలు దారిని మింగేస్తాయి. విశాఖ పక్కన కంబాలకొండ చూడండి. ఒకప్పుడు విజయనగరం రాజుల అడవి, 2002 నుంచి అభయారణ్యం, సుమారు 71 చదరపు కిలోమీటర్లు. అక్కడ అటవీ శాఖ నడక దారులు ఏర్పాటు చేసి, నగరం అంచునే ఉన్న అడవిని జనానికి నడిచి చూపిస్తోంది. అలాంటి పని మాడుగుల, దేవరాపల్లి, రావికమతం కొండల్లోనూ చెయ్యొచ్చు, ఇంకా తక్కువ ఖర్చుతో. కొత్తగా దారులు తవ్వక్కర్లేదు, ఉన్నవాటిని తుప్పలు నరికి ఉంచితే చాలు. దారి మొదట్లో ఊరి పేరు, దూరం చెక్కిన రాయొకటి పాతాలి. రిజర్వు అడవిలోకి వెళ్ళాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలో దాని మీదే రాయాలి. తుప్పలు కొట్టే పనీ, దారి చూపే పనీ ఆ ఊరివాళ్ళకే ఇవ్వాలి.

అంతవరకూ ఆగలేని గోవాడ, చోడవరం కుర్రాళ్ళకి ఒక మాట. కొండ కింది ఊళ్ళో దిగగానే దారి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఇచ్చేదెంతో బయల్దేరకముందే మాట్లాడుకోండి. చెరకు నరికితే ఆ రోజు అతనికెంత కూలి గిట్టేదో అంతకి ఒక్క రూపాయి తగ్గకూడదు. మధ్యాహ్నం అంబలిలో అతని వాటా మీ సంచిలోనే ఉండాలి.