ఏ ఉపగ్రహమైనా సరే, ఒక షరతు మీద

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1ని మోసుకెళ్లింది పీఎస్‌ఎల్‌వీ. 2013 నవంబరు 5న మంగళ్‌యాన్‌ని, 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1ని పంపిందీ ఆ రాకెట్టే. 2017 ఫిబ్రవరి 15న ఒక్క ప్రయాణంలో 104 ఉపగ్రహాలను తీసుకెళ్లింది: 714 కిలోల కార్టోశాట్ ఒకటి, మిగతా 103 కలిపితే 664 కిలోలు. చంద్రుణ్ణి చూసే పరికరమా, సూర్యుణ్ణి చూసేదా, పొలాల ఫొటోలు తీసేదా అన్నది రాకెట్టుకు అక్కర్లేదు. బరువు ఇంతలోపు ఉండాలి, పైనున్న గూట్లో పట్టాలి, కింది వలయానికి బిగించేలా ఉండాలి, దారిలో వచ్చే అదురును తట్టుకోవాలి. ఆ షరతులు తీర్చినది ఏదైనా ఎక్కవచ్చు. తీర్చనిదాన్ని నేలమీదే ఆపేస్తారు.

ప్రోగ్రామింగ్‌లో జెనరిక్ టైపు చేసే పని ఇదే. ఒక లిస్టునో, ఒక సార్టింగ్ ఫంక్షన్‌నో రాసేటప్పుడు లోపల ఏ టైపు వస్తుందో తేల్చకుండా ‘టి’ అని ఒక అక్షరం పెట్టి వదిలేస్తాం. వాడేవాళ్లు ఆ టి స్థానంలో స్ట్రింగ్ పెట్టుకుంటారు, ఇంటీజర్ పెట్టుకుంటారు, తాము రాసుకున్న క్లాసు పెట్టుకుంటారు. షరతు సరిపోయిందో లేదో ప్రోగ్రాం నడవకముందే కంపైలర్ చూస్తుంది.

సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు నుంచి ఇంజినీరింగ్ ముగించి అమీర్‌పేట కోచింగులకు వెళ్లే పిల్లలకు ఉద్యోగ ఇంటర్వ్యూల్లో తరచూ ఈ ప్రశ్న ఎదురవుతుంది: ‘జెనరిక్స్ అంటే ఏమిటి?’ నోట్సులో జవాబు సిద్ధంగా ఉంటుంది. టైపు భద్రత వస్తుంది, కాస్టింగ్ అక్కర్లేదు, తప్పులు కంపైల్ టైములోనే దొరుకుతాయి. మూడు ముక్కలూ నిజమే. కానీ ఇంటర్వ్యూ అసలు మొదలయ్యేది రెండో ప్రశ్నతో. ‘స్ట్రింగుల లిస్టును ఆబ్జెక్టుల లిస్టుగా పంపితే కంపైలర్ ఎందుకు ఒప్పుకోదు?’ ఇక్కడ చాలామంది ఆగిపోతారు. తెలివి తక్కువై ఆగడం లేదు. జెనరిక్స్‌ని ఒక సింటాక్సుగా నేర్పారు తప్ప, ఒక ఒప్పందంగా ఎవరూ చూపించలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

జెనరిక్స్ వెనకున్న ఆలోచనకు యాభై ఏళ్లు దాటాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త క్రిస్టఫర్ స్ట్రేచీ 1967లోనే దీన్ని విడదీసి పేరు పెట్టాడు. 1970లలో ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ ఎంఎల్ భాషలోకి తెచ్చాడు, ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం సీఎల్‌యూలోకి తెచ్చింది. 1983 నాటి ఏడా భాషలో జెనరిక్స్ ఉన్నాయి. జావాలోకి మాత్రం 2004లో, ఐదో వెర్షన్‌తో వచ్చాయి. గో భాష 2009లో బయటికొస్తే, దానికి జెనరిక్స్ 2022 మార్చిలో అందాయి.

జావాలో 2004కు ముందు లిస్టులో ఏదైనా వేయవచ్చు. తీసేటప్పుడు ఇది స్ట్రింగే అని నమ్మి కాస్ట్ చేయాలి. నమ్మకం తప్పయితే ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్‌తో కూలుతుంది. తప్పు వేసినచోట కాక, తీసినచోట బయటపడుతుంది. రెంటికీ మధ్య వేల లైన్లు ఉండవచ్చు.

ఇక రెండో ప్రశ్న సంగతి. కార్టోశాట్ కూడా ఒక ఉపగ్రహమే. అయితే కార్టోశాట్‌ల లిస్టు ఉపగ్రహాల లిస్టు అవుతుందా? అవుతుందనే అనిపిస్తుంది. ఆ లిస్టును ఉపగ్రహాల లిస్టుగా వేరే ఫంక్షన్ చేతికి ఇచ్చామనుకోండి. ఆ ఫంక్షన్ అందులో ఒక వాతావరణ ఉపగ్రహాన్ని చేరుస్తుంది, దాని దృష్టిలో అది పూర్తిగా న్యాయమే. ఇవతల మనం మాత్రం ఇంకా కార్టోశాట్‌ల లిస్టే అనుకుంటూ ఉంటాం. అందుకే కంపైలర్ మొదట్లోనే అడ్డుపడుతుంది. జావా అర్రేలకు ఈ కాపలా లేదు. అవి కంపైల్ దాటిపోయి, నడిచేటప్పుడు అర్రేస్టోర్ ఎక్సెప్షన్ ఇస్తాయి. చదవడానికి మాత్రమే తీసుకుంటే ప్రమాదం లేదు కాబట్టి అక్కడ ‘ఎక్స్‌టెండ్స్’ రాస్తాం. పెట్టడానికి మాత్రమే తీసుకుంటే ‘సూపర్’ రాస్తాం. జావా లైబ్రరీలోని కాపీ ఫంక్షన్ చూడండి: ఎక్కడినుంచి తీస్తుందో ఆ లిస్టుకు ఎక్స్‌టెండ్స్, ఎక్కడ పెడుతుందో దానికి సూపర్. జావా లైబ్రరీ రూపకర్తల్లో ఒకడైన జాషువా బ్లాక్ దీన్ని పెక్స్ (ప్రొడ్యూసర్ ఎక్స్‌టెండ్స్, కన్స్యూమర్ సూపర్) అని నాలుగు ఇంగ్లిషు అక్షరాల గుర్తుగా చెప్పాడు. ఆ గుర్తును బట్టీపట్టేముందు వాతావరణ ఉపగ్రహం ఎలా దూరిందో కాగితం మీద ఒకసారి గీసుకుంటే, ఇంటర్వ్యూలో గుర్తుతో పనే ఉండదు.

నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది వేరే ఉంది. ఒక ఫంక్షన్ టి లిస్టును తీసుకుని టి లిస్టునే తిరిగిస్తుంది, టి మీద షరతేమీ లేదు అనుకుందాం. లోపలి కోడ్ చూడకుండానే దాని గురించి చాలా చెప్పవచ్చు. అది వరస మార్చగలదు, కొన్నిటిని వదిలేయగలదు, కొన్నిటిని రెండుసార్లు ఇవ్వగలదు. కొత్తదాన్ని పుట్టించలేదు, ఎందుకంటే టి ఏమిటో దానికి తెలియదు. నల్, ఇన్‌స్టన్స్‌ఆఫ్ లాంటి దొంగదారులు తొక్కనంతవరకు ఇది ఖాయం. ఫిలిప్ వాడ్లర్ 1989లో దీన్ని గణితంగా నిరూపించి చూపాడు. తర్వాత జావా జెనరిక్స్‌కు పునాది వేసిన నలుగురిలో అతనూ ఒకడు. ఫంక్షన్‌కు ఎంత తక్కువ తెలిస్తే, దాని గురించి మనకు అంత ఎక్కువ తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో టైపు ఎరేజర్, అంటే టైపును చెరిపేయడం మీద ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు చిన్నదే. పాత లైబ్రరీలు కొత్తవాటితో కలిసి నడవాలని జావా కంపైలర్ టైపుల తనిఖీ అయ్యాక టి ని చెరిపేస్తుంది. అందుకే నడిచేటప్పుడు స్ట్రింగుల లిస్టూ ఇంటీజర్ల లిస్టూ ఒకే క్లాసు. టి అర్రేను నేరుగా సృష్టించలేకపోవడం కూడా అందుకే. 2005లో సీ షార్ప్ చెరపకుండా ఉంచే దారి పట్టింది. సీ ప్లస్‌ప్లస్ ప్రతి టైపుకూ విడిగా కోడ్ తయారుచేస్తుంది.

కానీ సీ ప్లస్‌ప్లస్‌లో చాలాకాలం ఒక లోటుండేది. టెంప్లేటుకు (అక్కడ జెనరిక్స్ పేరు అదే) ఎలాంటి టైపు కావాలో డాక్యుమెంట్లలో రాసుకునేవారు, కోడ్‌లో రాయడానికి సరైన చోటు లేదు. తప్పు టైపు ఇస్తే పేజీలకు పేజీలు ఎర్రర్లు. 2020 ప్రమాణంలో కాన్సెప్ట్స్ వచ్చాకే షరతును కంపైలర్ చదివేచోట నేరుగా రాయగలిగారు. జెనరిక్స్‌లో విలువైన భాగం ఈ షరతు రాయడమేనని నా అభిప్రాయం.

షరతు రాయకపోతే ఏమవుతుందో రాకెట్ల చరిత్రలోనే ఉంది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఎగిరిన ఏరియన్ 5 నలభై సెకన్లలోపే ముక్కలైంది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు పోయాయి. దిశను కొలిచే సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి తీసుకున్నారు. అందులో ఒక 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే లైను ఉంది. 16 బిట్లలో 32,767 దాటి పట్టదు. పాత రాకెట్టు మార్గంలో ఆ విలువ ఎప్పుడూ అంత పెరగదు కాబట్టి అక్కడ రక్షణ పెట్టలేదు. కొత్త రాకెట్టు పక్కకు ఎక్కువ వేగంతో వెళ్లింది. ఆ కోడ్ ఏడాలో రాసిందే. భాషలో జెనరిక్స్ ఉన్నాయి, విలువ ఇంతలోపు ఉండాలని టైపులోనే రాసే వీలూ ఉంది. ఏరియన్ 4 మార్గానికే ఇది సరిపోతుంది అన్న షరతు మాత్రం, తిరిగి వాడుకునేవాళ్లు చదివి ఆగేచోట లేదు.

అంతకు మూడేళ్ల ముందు, 1993 సెప్టెంబరు 20న, శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ మొట్టమొదటి ప్రయోగం కూడా విఫలమైంది. రెండో దశ విడిపోయేటప్పుడు రాకెట్టు అదుపు తప్పబోయింది. సరిదిద్దడానికి ఇచ్చిన ఆదేశం గరిష్ఠ పరిమితి దాటింది. ఆ పరిమితి దాటినప్పుడే బయటపడే లోపం ఒకటి నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో దాగి ఉంది. ఐఆర్‌ఎస్-1ఇ ఉపగ్రహంతో సహా రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. కారణం వెతికి, సరిచేసి, 1994 అక్టోబరు 15న రెండోసారి పంపితే ఐఆర్‌ఎస్-పి2 కక్ష్యకు చేరింది.

విలువ హద్దు దాటే ఇలాంటి ఓవర్‌ఫ్లోను జెనరిక్స్ ఆపలేవు, ఇది ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పాలి. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో కింది సూచికనూ పై సూచికనూ కలిపి సగం చేసే లైను ఏళ్ల తరబడి తప్పుగానే ఉండిపోయింది. 107 కోట్లకు మించిన అర్రేలో ఆ మొత్తం ఇంటీజర్ పరిధి దాటి రుణసంఖ్య అయిపోతుంది. ఈ సంగతి 2006లో, ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే స్వయంగా బయటపెట్టాడు. టైపులన్నీ సరిగ్గానే ఉన్నాయి, విలువే హద్దు దాటింది.

కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు సాధనకు జెనరిక్ బైనరీ సెర్చ్ ఒకటి సొంతంగా రాయండి. టి మరో టితో కంపేరబుల్ కావాలన్న షరతు మొదట పెట్టండి. తర్వాత దానికి జావాలోని టైమ్‌స్టాంప్ లిస్టు ఇచ్చి చూడండి. కంపైలర్ ఒప్పుకోదు, ఎందుకంటే పోల్చే శక్తి టైమ్‌స్టాంప్‌కు దాని తల్లి క్లాసు డేట్ నుంచి వచ్చింది. అప్పుడు కంపేరబుల్ లోపల ‘సూపర్ టి’ ఎందుకు రాస్తారో మీ వేళ్లకే తెలుస్తుంది. మధ్య సూచిక కోసం, పై సూచికలోంచి కింది సూచిక తీసేసి, మిగిలినదాంట్లో సగాన్ని కింది సూచికకు కలపండి. రాసేటప్పుడు ప్రతి షరతూ ఎందుకు పెడుతున్నారో ఎదుటివారికి వినపడేలా చెప్పండి.